క్యూ షీట్లో ఆఖరి పాట

మా వీధిలో ఒకమ్మాయి ఉంది. డిగ్రీ చదువుతోంది, గొంతు బాగుంటుంది. మొన్న మెట్ల దగ్గర నన్ను ఆపి, "అంకుల్, మీరు రేడియోలో చేశారట కదా, నా పాట అక్కడ వేయించాలంటే ఏం చేయాలి?" అని అడిగింది. నాకు నవ్వొచ్చింది. పాట పాడిన పూటే ఫోన్లో పెట్టేసి లోకానికంతా వినిపించే రోజులివి, మళ్లీ రేడియో ఎందుకమ్మా అన్నాను. "ఫోన్లో ఎప్పుడో పెట్టాను అంకుల్. రేడియోలో వస్తేనే మా అమ్మమ్మ నమ్ముతుంది" అంది.

రేడియోలో వస్తే నమ్ముతారు. అది నిజం. ఆ నమ్మకంతో ఒకావిడ నా బల్ల ముందుకి వచ్చింది, దాన్ని నేనేం చేశానో ఆ అమ్మాయికి చెప్పలేదు. ఫారం ఎలా నింపాలో, పాట ఎంత నిడివి ఉండాలో చెప్పి పంపేశాను. మిగతాది ఇక్కడ రాస్తున్నాను. ముఖ్యంగా రేపు నాలాంటి కుర్చీల్లో కూర్చోబోయే పిల్లలు చదవాలని రాస్తున్నాను. స్టేషన్ పేరు చెప్పను. మనుషుల పేర్లూ చెప్పను. వాళ్లలో కొందరు ఇంకా ఉద్యోగాల్లోనే ఉన్నారు. ఇందులో పెద్ద తప్పు వాళ్లది కూడా కాదు.

నేను ఉద్యోగమంతా రేడియోలోనే చేశాను. చివరి తొమ్మిదేళ్లు విజయనగరంలో ఒక చిన్న ఎఫ్.ఎం. స్టేషన్లో. బయటివాళ్లు పంపే పాటలన్నీ నా బల్ల మీదికి వచ్చేవి. మొదట్లో క్యాసెట్లు, తర్వాత సీడీలు, ఆఖరికి పెన్‌డ్రైవులు. వాటితో పాటు ఒక ఫారం, పాట రాత మూడు కాపీలు, ఇది నా సొంత పాటేనని ఒక సంతకం. నెలకోసారి ముగ్గురం కూర్చుని వినేవాళ్లం: మా ఆఫీసరు, బయటి నుంచి వచ్చే సంగీతం మాస్టారు, నేను. ఒక్కో పాటకి అర నిమిషం. మాస్టారు చూపుడువేలు పైకెత్తితే ఆపేయాలి. ఒక్కోసారి గాయకుడు గొంతు సవరించుకునేలోపే ఆయన వేలు లేచేది. ఆ వేలి మీద మేం చాలా జోకులేసుకున్నాం. అవతల ఒక మనిషి ఆ అర నిమిషం కోసం ఎన్నాళ్లు తయారయ్యాడో ఎప్పుడూ అనుకోలేదు.

ఆవిడ మొదటిసారి వచ్చింది ఒక గురువారం, పదకొండు గంటలప్పుడు. నలభై లోపు వయసు. చేపలమ్ముకుని తిరిగి వెళ్తూ వచ్చింది. వాచ్‌మన్ తట్ట లోపలికి తేనివ్వలేదు, గేటు దగ్గరే పెట్టించాడు. ఆవిడ గుమ్మంలోకి రాగానే మా గుమాస్తా లేచి గదిలో వాసన పోవడానికి స్ప్రే కొట్టాడు. ఆవిడ అది చూసింది. ఆవిడ చూడడం నేనూ చూశాను.

"పాట ఎయ్యాల బాబూ" అంది నిలబడే.

"ఎవరి పాట?"

"నాదే. నానే కట్టినాను, నానే పాడినాను. ఇదిగో, ఈ ఫోన్లో ఉన్నాది."

పెట్టి విన్నాను. ముందు సముద్రం హోరు, ఎక్కడో వెనకాల ఆవిడ గొంతు. ఇది పనికిరాదు, సముద్రం లేని చోట పాడి తీసుకురమ్మన్నాను.

"సముద్రం నేని సోటు మాకెక్కడుంటాది బాబూ?" అంది.

ఎదురు మాట్లాడుతోందని నాకు కోపం వచ్చింది. నాకు కోపం ఎక్కువ, అది ఆఫీసులో అందరికీ తెలుసు. ఫారం చేతిలో పెట్టి, ఇది నింపి మంచి రికార్డింగ్ తెస్తేనే రమ్మని పంపేశాను.

మళ్లీ గురువారం వచ్చింది. ఈసారి ఇంట్లో తలుపేసుకుని పాడింది. సముద్రం పోయింది గానీ కోళ్లూ, పక్కింటి మిక్సీ మోతా వచ్చాయి. ఫారం ఎవరో నింపిపెట్టారు. కింద సంతకం మాత్రం ఆవిడదే, పొదుపు సంఘంలో నేర్చుకున్న పెద్ద పెద్ద అక్షరాలు. సరే, నెలాఖరు సమావేశంలో పెట్టాను. మాస్టారి వేలు పది సెకన్లలో లేచింది. "శ్రుతి లేదు" అన్నారు. నాణ్యత చాలదని అచ్చు ఉత్తరం ఒకటి పంపాం. మా దగ్గర ఆ ఉత్తరాలు కట్టలుగా ఉండేవి, పేరు ఒక్కటే రాసేవాళ్లం.

ఆ ఉత్తరం పట్టుకుని మూడోసారి వచ్చింది.

"ఇందులో ఏటి రాసినారో సదవండి బాబూ. సంతకం సెయ్యడం వచ్చు గానీ నాకు సదవడం రాదు."

చదివాను. తాను వేయమన్న పాటని వేయం అన్న ఉత్తరం, ఆవిడే తెచ్చి నా చేత చదివించుకుంది. విని, కాగితం తీసుకుని మడతపెట్టుకుంది. అప్పుడు మొదటిసారి కూర్చోమన్నాను. కూర్చున్నాక అసలు సంగతి చెప్పింది.

ఆవిడ భర్త ఇంకో ఇద్దరితో కలిసి వేటకెళ్లాడు. పడవ తిరగబడింది. ఆ ఇద్దరూ ఒడ్డుకి కొట్టుకొచ్చారు, శవాలై. ఇతను రాలేదు. తర్వాత ఆ ఊరివాడొకడు ఒడిశాలో పారాదీప్ రేవులో ఇతన్ని పోలిన మనిషిని ఒక పడవ మీద చూశానని చెప్పాడు. చూసినవాడు తాగుబోతు. అయినా అతని తల్లి పట్టుకుంది ఆ మాటని. నా కొడుకు బతికే ఉన్నాడు, ఏ కారణం చేతనో ఇంటికి రావడం లేదు, వాడికి దినం చేస్తే ఒప్పుకోనంది. రెండేళ్లయింది. ఊరి పెద్దలు తల పట్టుకున్నారు. ఈవిడకి బొట్టు పెట్టుకుంటే ఒకరి సూటిపోటి మాటలు, పెట్టుకోకపోతే అత్త శాపనార్థాలు.

"మా ఆయన పడవలో మీ టేషనే ఎట్టేవోడు బాబూ. తెల్లారగట్ల వస్తాయి కదా, ఆ పాటలు. సముద్రం లోపలికెల్తే ఫోన్ మాట పోతాది గానీ రేడియో పోదు. ఈ గట్టు మీద ఎక్కడున్నా ఆ యాలకి అదే ఎడతాడు. నా గొంతు ఇంటే పోలుస్తాడు."

"అమ్మా, మా రేడియో పారాదీప్ దాకా రాదు. శ్రీకాకుళం దాటితేనే గరగర."

"ఎంత దూరం వస్తే అంత దూరమే ఎయ్యండి. పడవలోడు ఒక్కసోటే ఉంటాడా?"

"విన్నాక కూడా కబురు రాకపోతే?"

"అమాస దాకా సూస్తాం. అప్పటికీ రాపోతే దినం సేసీడమే. పెద్దల్లో మాటయిపోనాది. మా అత్త కూడా ఒప్పుకున్నాది. 'రేడియోలో నీ పాట ఇని కూడా రాపోతే వోడు నేడనే అనుకుంటాను' అనీసింది."

ఒక మనిషి ఉన్నాడా లేడా అన్నది మా స్టేషన్ వేసే ఒక్క పాట మీద పెట్టుకున్నారు ఆ ఇంటివాళ్లు. ఆవిడని ఆ నెల్లాళ్లు తిప్పినందుకు నాకు సిగ్గు వేసింది. ఆ సిగ్గులోనే, మన స్టూడియోలో మనమే రికార్డు చేద్దామని ఇంజనీరుని బతిమాలాను.

స్టూడియో గది తలుపు మూస్తే మన ఊపిరి మనకే వినిపిస్తుంది. ఆవిడ మైకు ముందు కూర్చుని రెండు మాటలు పాడి ఆపేసింది. "ఇక్కడ ఏటీ ఇనపడతనేదు బాబూ. నాకు ఊపిరాడతనేదు" అంది. ఇంజనీరు విసుక్కున్నాడు గానీ తలుపు కొంచెం తెరిచి ఉంచాడు. వరండాలో మనుషుల అలికిడి విన్నాక కుదుటపడి పాడింది. ఆరు నిమిషాల పాట. నేను రెండో చరణం దాకా ఉన్నాను, అంతలో ఆఫీసరు పిలుస్తున్నారంటే వెళ్లిపోయాను.

ఆఫీసరుని ఒప్పించడానికి ఇంకో పది రోజులు పట్టింది. "పొద్దున్నే ఏడుపు పాటేంటయ్యా, జనం తిట్టుకోరూ?" అన్నారు. ఏడుపు పాట కాదు సార్, పిలుపు పాట అన్నాను. నా కోపం చూసి నవ్వేసి, "సరే, ఆఖర్న పెట్టు" అన్నారు.

ఆఖర్న పెట్టడమంటే ఏమిటో మాలో ఎవరికైనా తెలుసు. తెల్లవారుజాము పాటల కార్యక్రమం ఆరింటికల్లా ముగిసి తీరాలి. మధ్యలో ఏ ప్రకటన వచ్చినా, ఏ పాట నిడివి పెరిగినా కోత పడేది ఆఖరి పాటకే. ఆ సంగతి నాకు తెలిసీ పై వారం సోమవారం క్యూ షీట్లో ఆవిడ పాటని ఆఖర్న రాశాను. క్యూ షీట్ అంటే ఆ రోజు ఏ వరసలో ఏ పాట వెళ్లాలో రాసిన కాగితం. ఒక్కో పాట వెళ్లగానే అనౌన్సర్ దాని పక్కన టిక్కు పెట్టాలి.

పెట్టాలి అన్నది రూలు. మా అనౌన్సర్ గజపతినగరం నుంచి నాలుగింటికే స్కూటర్ మీద బయల్దేరి వచ్చేవాడు. గొంతు బంగారం, మనిషి ఇంకా మంచివాడు. వచ్చీ రాగానే ఆకుపచ్చ సిరాతో షీటంతా పై నుంచి కింద దాకా టిక్కులు పెట్టేసి, అప్పుడు మైకు ముందు కూర్చునేవాడు. తర్వాత మర్చిపోతానేమోనని. అతనొక్కడే కాదు, అందరూ అంతే. ఆడిట్‌కి వచ్చేవాళ్లు టిక్కులే చూస్తారు, పాటలు వినరు. ఆ టిక్కుల కింద తొమ్మిదేళ్లు రోజూ నేను సంతకం పెట్టాను.

ఫలానా రోజు మీ పాట వస్తుందని వారం ముందు తెలియజేయడం నా పని. ఫారంలో రాసిన నంబరుకి ఒకసారి చేశాను, ఎత్తలేదు. కార్డు రాయమని గుమాస్తాకి చెప్పాను. రాశాడో లేదో అడగలేదు.

గురువారం ఆవిడ వచ్చింది. ముసురు, చీర సగం తడిసిపోయి ఉంది.

"ఏసినారా బాబూ?"

ఫైలు తీశాను. సోమవారం షీటు. అడుగున ఆవిడ పాట, పక్కన ఆకుపచ్చ టిక్కు.

"సోమవారమే వేశారమ్మా. కార్డు రాలేదా నీకు?"

"రానేదు బాబూ. సోమవారం గాలీ వానా. కరెంటు నేదు, ఎవులూ రేడియో ఎట్టనేదు." కొంగు పిండుకుంటూ అడిగింది. "మీరిన్నారా?"

ఇక్కడ ఆగండి. ఈ ప్రశ్నకి నిజమైన జవాబు ఏమిటంటే, నేను ఆ రోజు ఏడున్నరకి లేచాను. మా స్టేషన్ తెల్లవారుజాము పాటలు నేను ఎప్పుడూ వినను. ఆ మాట చేపలమ్ముకునే మనిషి ముందు చెప్పడానికి నామోషీ వేసింది. అంతే. ఇంకే కారణమూ లేదు.

"విన్నానమ్మా. చాలా బాగా వచ్చింది."

"సివరికంటా ఏసినారా?"

"చివరికంటా."

రెండు చేతులూ ఎత్తి దండం పెట్టి వెళ్లిపోయింది. నేను టీ తెప్పించుకుని తాగాను. మంచి పని చేశానన్న తృప్తి కూడా కలిగింది, ఆ మాట రాయకపోతే ఇదంతా రాసి ఉపయోగం లేదు.

తర్వాత ఆవిడ రాలేదు. నెలాఖరున కొత్త పాటల జాబితా తయారు చేస్తూ కంప్యూటర్లో చూస్తే ఆ పాట ఎదురుగా ఏ తేదీ లేదు. ఒక్కసారి కూడా ప్రసారం కాలేదని ఉంది. కంప్యూటర్ తప్పు అనుకున్నాను. అనౌన్సర్ని పిలిచి అడిగాను. మైకు ముందు తేనెలా మాట్లాడే మనిషి, బయట తన ఊరి యాసలోనే మాట్లాడేవాడు.

"సోమవారమా సార్? ఆ రోజు తుఫాను కబురు కదా. చేపల వేటకి ఎల్లొద్దని రెండుపాల్లు సదవమని ఫోనొచ్చింది. టైమైపోనాది, ఆఖరిది ఒగ్గీసినాను."

"మరి టిక్కు?"

"టిక్కులు ముందే ఎడతాం కద సార్. మీకు తెల్దా ఏటి?"

నాకు తెలుసు. అతన్ని అనడానికి ఏమీ లేదు. ప్రాణాలు కాపాడే కబురు చదివాడు, దాని కోసం ఒక పాట వదిలాడు. నేనైనా అదే చేసేవాణ్ని. గోడ మీద క్యాలెండర్ చూశాను. అమావాస్య వెళ్లి తొమ్మిది రోజులైంది.

ఆ తర్వాత పన్నెండు రోజులు నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పకుండా ఉండిపోతే ఎవరికి తెలుస్తుంది అనుకున్నాను. అన్నం సహించలేదు. మా ఆవిడ షుగరు చూపించుకోమంది. పదమూడో రోజు ఆదివారం, బస్సెక్కి పూసపాటిరేగ దాటాక దిగి, ఆటోలో ఆ ఊరు వెళ్లాను.

ఆవిడ ఇంటి ముందు ఇసకలో పరిచిన ఎండుచేపలు తిరగేస్తోంది. నన్ను చూసి లేచింది. చేతులకి గాజులు లేవు. నుదురు ఖాళీ.

"అత్తా, ఇటు రాయే! రేడియో బాబొచ్చినారు. మన పాట ఇన్న బాబు" అని లోపలికి కేకేసింది.

పక్కింటి నుంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేశారు. ముసలావిడ గోడ పట్టుకుని వచ్చి గుమ్మంలో కూలబడింది. మంచినీళ్లు ఇచ్చారు. నీళ్లు తాగేస్తే ఇక చెప్పలేనని భయం వేసి, గ్లాసు చేతిలో పట్టుకునే చెప్పేశాను. పాట వేయలేదమ్మా. ఆ రోజు తుఫాను కబురు వచ్చింది, పాట ఆగిపోయింది. నేను చూసుకోలేదు.

ముందు ముసలావిడకి అర్థమైంది. తొడలు బాదుకుంది.

"అయితే నా కొడుకు ఇన్నేదు! ఇన్నేదు, అందుకే రానేదు! ఓలమ్మో, బతికున్నోడికి గడ్డిబొమ్మ సేసి, వోడి సొక్కా తొడిగి, నా సేతే నిప్పెట్టించినారే! ఎయ్యమనవే, ఇప్పుడెయ్యమను ఆ పాట!"

కోడలు ఆవిడ వైపు చూడలేదు. నన్నే చూస్తోంది.

"మీరు ఇన్నానన్నారు."

"అబద్ధం చెప్పానమ్మా."

"ఎందుకు బాబూ?"

"వినలేదని చెప్పడానికి నామోషీ వేసింది."

"నామోషీ" అంది. అంతకన్నా పెద్ద తిట్టు నా ఉద్యోగంలో ఎవరూ తిట్టలేదు.

"వచ్చే సోమవారమే వేస్తాను. మొదటి పాటగా వేస్తాను. నేనే దగ్గరుండి వేయిస్తాను" అన్నాను.

"ఒద్దు."

ముసలావిడ ఏడుపు ఆపేసింది.

"ఒద్దు బాబూ. గాజులు తీయించీసుకున్నాను, బొట్టు తుడిపీసుకున్నాను. రెండేళ్లు తలుపు సప్పుడైతే సాలు, లేసి కూకునేదాన్ని. ఆ దినం అయిపోనాక నిద్దరోతన్నాను. ఇప్పుడు పాటేస్తే మల్లీ ఎదురుసూడాల. నా వల్ల కాదు. ఎయ్యనని మాటియ్యండి."

"ఒసే, నీకు పుణ్యముంటాదే, ఒక్కపాలి..." అని ముసలావిడ అందుకోబోయింది.

"అత్తా, నువ్వుండు. ఇయ్యండి బాబూ మాట."

ఇచ్చాను. పాట ఉపసంహరించుకుంటున్నట్టు కాగితం రాసి సంతకం కూడా తీసుకున్నాను. అలవాటు. అంత పాపం చేసి వచ్చి కూడా సంచీలో తెల్లకాగితాలు పెట్టుకుని వచ్చాను.

ఆటో ఎక్కుతుంటే వెనక నుంచి ఎవరో నా చొక్కా పట్టుకున్నారు. ముసలావిడ. ఇసకలో అంత దూరం ఎలా నడిచిందో.

"దానికి మొగుడే బాబూ. నాకు కడుపున పుట్టినోడు" అంది. "ఒక్కపాలి ఎయ్యి. సోమవారం తెల్లారగట్ల అది సేపలట్టుకుని ఎల్లిపోతాది, ఇంట్లో ఉండదు. దానికి తెల్దు. నానొక్కదాన్నే ఇంటాను. ఇన్నాక ఇంక అడగను, నీ తోడు." నా కాళ్ల మీద పడబోయింది. నా తల్లి కన్నా పెద్దది. పట్టుకుని ఆపి, చూస్తానమ్మా అని ఆటో ఎక్కేశాను.

చూస్తాననడం నా నోటి జాడ్యం. కుదరదని చెప్పాల్సిన చోటల్లా ఉద్యోగమంతా ఆ మాటే చెప్పాను. ముసలావిడ దాన్ని ఒప్పుకోవడం కింద తీసుకుంది. ఆ వారంలో పక్కింటి ఫోన్ నుంచి మూడుసార్లు చేసింది. పాట కోడలిది. సంతకం కోడలిది. వద్దన్నది కోడలు. రూలూ అదే చెబుతోంది, నేనిచ్చిన మాటా అదే చెబుతోంది. మూడో ఫోన్‌కి లొంగిపోయాను. జాలి అని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి ఆ పాట ఒక్కసారి వెళ్లిపోతే నా అబద్ధం కొంతైనా నిజమవుతుందని లోపల ఆశ. పిల్లలూ, ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి. తప్పు దిద్దుకుంటున్నామని సంబరపడేటప్పుడు, ఆ దిద్దుబాటు ఎవరి కోసమో ఒకసారి చూసుకోండి.

సోమవారం అనౌన్సర్ని ఇంటి దగ్గరే ఉండమని, తెల్లవారుజాము డ్యూటీ నేనే తీసుకున్నాను. క్యూ షీట్లో ఆ పాట రాయలేదు. ఆరుకి ఆరు నిమిషాలుందనగా వేశాను. చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఆ పాటని మొదటిసారి పూర్తిగా విన్నాను.

ముందు రెండు చరణాలూ నాకు తెలిసినవే. ఏ ఒడ్డున పడవ లాగినావో మావా, ఈ ఒడ్డు నీదేనని మరిసినావా అని. చివరి చరణం మాస్టారి వేలి దాకా ఎప్పుడూ రాలేదు, నా దాకానూ రాలేదు.

"ఏరే గూడు కట్టుకుంటే కట్టుకో మావా
ఏటీ అననులే, ఒక్క మాటంపు
ఉన్నావంటే బొట్టెట్టుకుంటాను
నేవంటే తుడుసుకుంటాను
నన్ను మజ్జిన ఒగ్గీకు మావా
మజ్జిన ఒగ్గీకు"

ఆపడానికి ఒక్క మీట చాలు, చెయ్యి దాని మీదే ఉంది. మధ్యలో వదిలేయకు అన్నది మొగుణ్ని అడిగిన మాటే, కానీ మొన్న ఇసకలో నిలబడి నన్ను అడిగిందీ ఇదే. ఆ సంగతి తలకెక్కేసరికి పాట అయిపోయింది. ఆరైంది. వార్తలకి దారిచ్చాను.

ముసలావిడ ఫోన్ చేస్తుందనుకున్నాను. చేయలేదు. పావు తక్కువ ఏడుకి డ్యూటీ రూంలో ఫోన్ మోగింది. ఎత్తితే వెనకాల చేపల బజారు గోల.

"బాబూ, నానే."

ఫోన్ రెండో చెవికి మార్చుకున్నాను.

"ఆటోలో ఇన్నాను. డ్రైవరు ఎట్టినాడు."

మా ఊరి ఆటోలన్నీ ఆ వేళకి మా స్టేషనే పెడతాయి. సమావేశాల్లో ఆ సంగతి గొప్పగా చెప్పుకునేవాణ్ని.

"ఆటోలో మావోళ్లు ఏడుగురున్నారు బాబూ. పాట అయినంతసేపూ అందరూ నా మొగమే సూసినారు."

"అమ్మా, మీ అత్తగారే..." అన్నాను. ఆ తల్లి మీదికి నెట్టేయడానికి నా నోరు ఎంత తొందరగా తయారైందో.

"తెలుసు. దాన్నేటీ అనకండి. ముసిల్ది. అప్పుడు ఎయ్యకండా ఏసినానన్నారు. ఇప్పుడు ఎయ్యనని సెప్పి ఏసినారు. నన్ను మాత్రం ఎవులూ అడగనేదు."

"తప్పయిపోయిందమ్మా."

"తప్పు సంగతి కాదు. మరి నానిప్పుడు ఎదురుసూడాలా, ఒద్దా? ఏసినోరు మీరు. మీరే సెప్పండి."

వెనకాల ఎవరో వంజరం ఎంతకిస్తావని అడుగుతున్నారు. ఆవిడ వాళ్లకి జవాబు చెప్పలేదు, నా జవాబు కోసం ఆగింది. చాలాసేపు ఆగింది. చివరికి ఫోన్ నేనే పెట్టేశాను.